ఉడకని తోపాట్

ఆ ఏడు మా అమ్మ పొలం గట్టు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అసలే వానలు ఇరవై రోజులు వెనకబడ్డాయి. ఆకుమడిలో నారు కొసలు ఎర్రబడుతున్నాయి. పన్నెండు రోజుల్లో పున్నమి, పున్నమి సాయంత్రం లింగ్సర్ గుడిలో తోపాట్ల యుద్ధం. తోపాట్లంటే కొబ్బరాకు పొట్లాల్లో ఉడికించి ఒకరి మీదొకరు విసురుకునే అన్నం, మా ఇంటి నుంచి రెండు గంపలు వెళ్ళాలి. తాతల నాటి నుంచీ ఏ ఏడూ తప్పలేదు. అమ్మ చెయ్యేమో వెదురుబద్దల మధ్య బిగిసి మెడకి వేలాడుతోంది.

"పెద్దపిల్లవి ఉన్నావన్న మాటే గానీ ఏం లాభం!" అని అమ్మ నన్ను చూసి నిట్టూర్చింది.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. నాది ఎడమచేతి వాటం. లేత కొబ్బరాకు చీరి పిడికెడంత పొట్లం అల్లడం, అందులో బియ్యం పోసి మూతి బిగించడం నాకూ వచ్చు. కానీ నా అల్లిక అందరిదానికీ ఎదురు తిరుగుతుంది. వంద తోపాట్లలో పడేసినా ఇది రుమెనాది అని చిన్నపిల్లలు కూడా పట్టేసేవారు. అందుకే అమ్మ ఎప్పుడూ నన్ను పొయ్యి దగ్గరే ఉంచి అల్లికలన్నీ తనే చేసేది. ఆ ఏడు ఇక గతిలేక నాకు అప్పగించింది.

మేం సాసాక్ వాళ్ళం, ముసల్మానులం. కాలవ అవతలి పేట బాలి వాళ్ళది, వాళ్ళు హిందువులు. లింగ్సర్ గుడీ పండుగా మాత్రం ఇద్దరివీ. ఆ పున్నమి మా లెక్కలో ఏడో నెలది, వాళ్ళ లెక్కలో ఆరో నెలది. లెక్కలు ఎలా ఉన్నా చంద్రుడు ఒక్కడే గనక ఎప్పుడూ తేడా రాలేదు. ఆ పండుగ నాళ్ళలో వాళ్ళ పేటలో పంది తెగదు, మా పేటలో ఆవు తెగదు. పండక్కి కోసే గేదెకే రాత బాగోదు. పెద్దబిడ్డ పుట్టగానే తల్లిదండ్రుల సొంత పేర్లు మూలపడటం కూడా ఇద్దరికీ ఉన్న అలవాటే. నేను రుమెనాని గనక మా నాన్న అమాక్ రుమెనా అయ్యాడు. మా పక్క పొలం ఆయన కొడుకు కెర్తి గనక ఆయన పాన్ కెర్తి, ఆయన భార్య మెన్ కెర్తి. ఆయన సొంత పేరేమిటో ఆయన పోయాక గానీ నాకు తెలియలేదు.

రెండు పొలాలకీ ఒకే బోదె. బోదెకి అడ్డంగా ఒక పనసమొద్దు, దాని మీద సమానంగా రెండు గాట్లు. ఒక గాటు లోంచి పారేది మాకు, రెండో గాటు లోంచి పారేది వాళ్ళకి. ఆ మొద్దు మా తాతా వాళ్ళ తాతా కలిసి వేసింది.

అమ్మ పడిన మూడో రోజు పొద్దున్న నాన్నకి సద్ది పట్టుకుని వెళ్ళాను. నాన్న మోకాళ్ళ దాకా బోదెలో దిగి మా గాట్లో చెయ్యి పెట్టి చూస్తున్నాడు. గాటు నిండా మట్టీ గడ్డీ కూరినట్టు ఉంది. ఉన్న కాసిని నీళ్ళూ అవతలి మడిలోకే పోతున్నాయి. అప్పుడే పాన్ కెర్తి పార భుజాన వేసుకుని వచ్చాడు.

"ఇదేం పని అన్నా?" అన్నాడు నాన్న.

"ఏది?"

"మా గాట్లో ఈ ముద్ద ఎవరు కూరారు?"

"నాకేం తెలుసురా? నేనిప్పుడేగా వస్తున్నాను."

"నీళ్ళన్నీ నీ మడిలోకి పోతుంటే నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"కెర్తి మీద ఒట్టు. నేను ముట్టుకోలేదు."

నాన్న ఆ ఒట్టు దగ్గర ఆగిపోయి ఉంటే బాగుండేది. నారు ఎండిపోతున్న మంట, అమ్మ చెయ్యి విరిగిన దిగులు, రెండూ కలిసి నోటికి వచ్చాయి.

"ఈ కాలవ మీ రాజు తవ్వించాడని ఇంకా మీదే అనుకుంటున్నారేమో! ఆ రాజూ పోయాడు, ఆ రోజులూ పోయాయి."

బాలి రాజులు మమ్మల్ని ఏలిన రోజుల గురించి మావాళ్ళు ఇళ్ళల్లో ఎప్పుడైనా గొణుక్కునే మాటే అది. బాలి మనిషి మొహం మీద అనగా నేనెప్పుడూ వినలేదు. పాన్ కెర్తి పార భుజం మార్చుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు నన్ను తన గేదె మీద ఎక్కించి ఈ గట్ల మీదే తిప్పిన మనిషి ఆయన.

కాలవ నీళ్ళ వంతులు చూసే నీళ్ళపెద్ద దగ్గరికి నాన్న తగువు తీసుకెళ్ళాడు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"పండుగ నెలలో నేను తగువులు వినను. యుద్ధం అయిన మర్నాడు రండి. ఈలోగా మొద్దు జోలికి ఎవరెళ్ళినా ఊరుకోను."

* * *

తోపాట్లకి లేత ఆకులు ఏటా మెన్ కెర్తే తెచ్చేది. మా చెట్లు ముసలివైపోయి ఆకు గరుకుగా వచ్చేది. ఆ ఏడు ఇక రాదనే అనుకున్నాం. పున్నమికి మూడు రోజుల ముందు పెరటి వైపు నుంచి ఆకుల మోపుతో దిగింది.

"ఏమే ఎడమచేతి పిల్లా! మీ అమ్మని పడేసి నువ్వు రాజ్యం ఏలుతున్నావా?"

అమ్మ లేవబోయింది. "వదినా, మీ ఆయన చూస్తే?"

"చూడనీ. వాళ్ళిద్దరూ మాట్లాడుకోకపోతే మన చెవులకి కాస్త సుఖం. ఆకులకేం పగ? చెయ్యి ఎలా ఉంది?"

"సలుపుతోంది."

"గుడిలో కెమాలిక్ కొలనులోని మలుగు చేపలకి ఉడికించిన గుడ్డు ఇస్తానని మొక్కుకో. నా మోకాలికి అదే పని చేసింది."

"మొక్కుకున్నాను. మసీదులో దువా కూడా చేయించాను."

"మంచి పని. రెండు వైపుల నుంచీ నరుక్కు రావాలి."

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళని చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటే. ఒకరి దేవుణ్ణి ఒకరు చేబదులు అడిగినట్టు అడుగుతారు. వెళ్ళేటప్పుడు మెన్ కెర్తి గడప దగ్గర ఆగింది.

"ఈయనకి అన్నం సయించట్లేదు వదినా. ఏదో లోపల పెట్టుకున్నాడు. అడిగితే చెప్పడు."

పున్నమి ముందు రోజు నేను తోపాట్లు వండటానికి కూర్చునేసరికి వాన దిగింది. ఊరంతా ఎదురుచూసిన వాన! నాన్న వాకిట్లో నిలబడి తడుస్తూ అల్లాకి దండాలు పెట్టుకున్నాడు. నాకు మాత్రం కట్టెలు తడిసి ఏడుపొచ్చింది.

మంచం మీద నుంచి అమ్మ చెబుతూనే ఉంది. "బిస్మిల్లా అనుకుని బియ్యం పొయ్యి. సగానికి కాస్త పైన, అంతే. బియ్యానికి పొంగే చోటు ఉండాలి. ఐదు గంటలు ఉడకాలి, తెలుసా? పచ్చిగా ఉంటే రాయి అవుతుంది. తోపాట్లో రాయి కలిపిన ఇంటికి ఆ పంటకి నీళ్ళు లేవు. తరువాత నన్ననకు."

మొదటి రెండు కుండలూ బాగానే దిగాయి. మూడో దానికి వచ్చేసరికి అల్లిన పొట్లాలు అయిపోవస్తున్నాయి, బియ్యం ఇంకా మిగిలాయి. మళ్ళీ కూర్చుని అల్లే ఓపిక నాకు లేదు. చివరి పదిహేనింటిలో బియ్యం మూతి దాకా కుక్కేశాను. ఇక పొయ్యి చూస్తే పొగ తప్ప మంట లేదు. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి. రెండు గంటలకే కుండ దించేశాను.

"ఉడికాయా?" అంది అమ్మ.

"ఉడికాయమ్మా," అన్నాను.

అవి గంప అడుక్కి వేసి, మంచివి పైన పేర్చాను. యుద్ధం ముగిసేసరికి గంప అడుగు దాకా ఎవరూ రారని నా లెక్క.

* * *

మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. గేదెని మూడు చుట్లు తిప్పారు. తోపాట్ల గంపలు నెత్తిన పెట్టుకుని మేం కెమాలిక్ కొలను చుట్టూ తిరిగాం, మా వెనకే బాలి ఆడవాళ్ళు పళ్ళూ పువ్వులూ ఎత్తుకుని నడిచారు. మావైపు పెద్దాయనా వాళ్ళ పూజారీ పక్కపక్కన నిలబడి ఒకే చెంబు నీళ్ళు అందరి మీదా చల్లారు. నాన్న మధ్యాహ్నం నమాజు చేసుకుని అదే టోపీతో అక్కడికి వచ్చాడు. పైన మెట్ల వైపు బాలి వాళ్ళు, కింద మేము. ఇక అందరి చూపూ ఒక్కచోటే, గంగరావి చెట్టు మీద. సాయంత్రం ఆ చెట్టు పూలు రాలడం మొదలైతేనే యుద్ధం మొదలు. గడియారాలు ఉన్నవాళ్ళు కూడా గడియారం చూసుకోరు.

ఒక పువ్వు రాలింది. తరువాత మూడు. ఒక్కసారిగా హోరుమన్నారు.

తోపాట్లు వానలా కురిశాయి. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు. వీపున తగిలినవాడు తిరిగి చూసి నవ్వుతాడు, తగిలిన తోపాట్‌ని ఏరి మొలలో దోపుకుంటాడు. తగిలింది వాడిది. ఇంటికి తీసుకెళ్ళి పొలంలో పాతిపెడితే పంటకి మంచిది. అది లాక్కునే హక్కు ఎవరికీ లేదు. కోపం తెచ్చుకునే హక్కు కూడా లేదు. ఏడాది మొత్తంలో ఒకర్నొకరు మనసారా కొట్టుకుని, కొట్టినందుకు దణ్ణం పెట్టించుకునే రోజు అదొక్కటే. నాకు అంతకన్నా ఇష్టమైన రోజు లేదు.

నాన్న నా పక్కనే నిలబడి నా గంపలోంచే తీసి విసురుతున్నాడు. మెట్ల మీద పాన్ కెర్తి కనిపించాడు. నాన్న చెయ్యి వేగం పెరిగింది. గంప తరిగిపోతోంది. ఆపాలనుకున్నాను. "నాన్నా, ఆ గంప వద్దు, ఈ గంపలోవి తీసుకో," అన్నానో, అనాలనుకుని ఊరుకున్నానో! నాన్న చెయ్యి అడుక్కి వెళ్ళింది.

పాన్ కెర్తి కనుబొమ్మ మీద ఠప్‌మని తగిలింది. ఆయన చేత్తో పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి నెత్తురు కారింది.

ముందు చుట్టుపక్కలవాళ్ళు ఆగారు, తరువాత అందరూ ఆగారు. ఆ యుద్ధంలో నెత్తురు చూడటం అదే మొదటిసారి. మనసు శుభ్రంగా ఉన్నవాడికి తోపాట్ దెబ్బకి గాయం కాదంటారు.

"రాయి!" అని మెట్ల మీద నుంచి ఎవరో అరిచారు. "లోపల రాయి పెట్టారు!"

"నీళ్ళ తగువుకి పగ తీర్చుకున్నాడు," అంది ఇంకో గొంతు. మావైపు కుర్రాళ్ళు ముందుకి జరిగారు, వాళ్ళవైపు కుర్రాళ్ళు మెట్లు దిగారు. నాన్న మొహంలో చుక్క నెత్తురు లేదు.

నీళ్ళపెద్ద జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏదీ ఆ తోపాట్? ఇలా ఇవ్వు. అందరి ముందూ విప్పి చూద్దాం."

విప్పితే రాయి ఉండదు. కానీ రాయిలాంటి పచ్చిబియ్యం ఉంటుంది, మూతి దాకా కుక్కి. కావాలనే చేశారనడానికి అది చాలు. ఆ పంటకి మాకు నీళ్ళు ఉండవు.

పాన్ కెర్తి వంగి తోపాట్ తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. అల్లిక మీద ఆయన బొటనవేలు ఆగింది. తల ఎత్తి జనంలో వెతికి నా వైపు చూశాడు. ఒక కన్ను నెత్తుటితో మూసుకుపోయి ఉంది.

"నాకు తగిలింది నాది," అన్నాడు నీళ్ళపెద్దతో. "విప్పడానికి నీకేం పని?"

"అందులో రాయి ఉంటే?"

"ఉంటే నా పొలంలో పాతుకుంటాను. పక్కకి జరుగు."

దాన్ని మొలలో దోపుకుని, కాలి దగ్గర పడి ఉన్న ఇంకో తోపాట్ ఏరి నాన్న మీదకి విసిరాడు. అది నాన్న గుండె మీద మెత్తగా తగిలి కింద పడింది. నాన్న వంగి దాన్ని తీసి మొలలో దోపుకున్నాడు. మళ్ళీ హోరు లేచింది.

* * *

ఇంటికొచ్చి అమ్మ ముందు చతికిలబడి నిజం చెప్పేశాను. అమ్మ తిట్టలేదు. బాగున్న చేత్తో నా తల నిమిరి, "మీ నాన్నకి చెప్పు," అంది. నాన్నకి చెప్పాను.

"పచ్చిదో ఉడికిందో, విసిరిన చెయ్యి నాదే," అన్నాడు నాన్న. "ఆయన మొహం చూసి మరీ విసిరాను."

తెల్లవారి నమాజు అవగానే ఇద్దరం పొలానికి బయల్దేరాం. నీళ్ళపెద్ద దగ్గరికి వెళ్ళే ముందు పాన్ కెర్తి కాళ్ళు పట్టుకుందామని. ఆయనే ముందు వచ్చి మొద్దు దగ్గర గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మ మీద పసుపు ముద్ద, దాని మీద గుడ్డ కట్టు. తోపాట్ ఒళ్ళో ఉంది, అల్లిక విప్పకుండా అలాగే.

"పెదనాన్నా, అది నాదే," అన్నాను. "బియ్యం కుక్కేశాను. కట్టెలు మండలేదు. ఉడకలేదు. ఉడికిందని అమ్మకి అబద్ధం చెప్పాను."

"నీదని నాకు తెలీదా? లోకమంతా ఇటు తిరిగితే నీ ఆకు అటు తిరుగుతుంది."

"మరి విప్పి చూడలేదేం? రాయి ఉందేమోనని."

"చూస్తే నిన్ను అనుమానించినట్టే కదమ్మా."

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నాన్న ముందుకి వచ్చాడు. "అన్నా, తప్పు పిల్లది కాదు. నేను కోపంతో విసిరాను. రాజు మాట కూడా..."

"కూర్చోరా ముందు," అన్నాడు పాన్ కెర్తి. "నన్ను చెప్పనీ. మీ గాటు పూడ్చింది నా బాతులు."

నాన్న నోరు తెరిచి చూశాడు.

"నువ్వు ఆ మాట అన్న మర్నాడు చూశాను. నలభై బాతులూ ఇక్కడే గట్టు తవ్వుతున్నాయి. మట్టీ గడ్డీ అన్నీ కొట్టుకుపోయి నీ గాట్లో పడుతున్నాయి. వచ్చి చెబుదామంటే నువ్వన్న మాట గొంతులో అడ్డం పడింది. బాధ నీకూ తెలియనీలే అనుకున్నాను. కెర్తి మీద ఒట్టేసి, ఆ తరువాత నిజం దాచి గుడికి వెళ్ళాను. నెత్తురు రాక ఏం వస్తుంది? దెబ్బ తగలగానే నాకు అర్థమైంది."

"బాతులా!" అన్నాడు నాన్న.

"బాతులే."

నాన్నకి నవ్వు వచ్చింది, ఆపుకోబోయాడు, వల్ల కాలేదు. పాన్ కెర్తి కూడా నవ్వబోయి, కట్టు లాగేసరికి "అబ్బా" అన్నాడు. కాసేపటికి నాన్న నవ్వు ఆపి నేల చూస్తూ అన్నాడు.

"రాజు మాట మాత్రం బాతుల పని కాదన్నా. అది నాదే. క్షమించు."

"రాజు తవ్వమన్నాడు నిజమే. తవ్విందెవరు? మీ తాతా మా తాతా. రాజు పార పట్టుకున్నాడా ఎప్పుడైనా?"

ఆయన లేచి మొద్దు కింద, సరిగ్గా రెండు గాట్ల మధ్య, చేత్తో మట్టి తీశాడు. నా తోపాట్‌ని అందులో పెట్టాడు. నాన్న మొలలోంచి తనది తీసి పక్కనే పెట్టాడు.

"నీది మెత్తటిది, మూడు వానలకే కరిగిపోతుంది," అన్నాడు పాన్ కెర్తి మట్టి కప్పుతూ. "ఇది మాత్రం కోతల దాకా కాపలా ఉంటుంది. ఏమ్మా, వచ్చే ఏడు కూడా నాకొకటి ఇలాగే వండు. మొహం మీద కొట్టకు, చేతికియ్యి."

నీళ్ళపెద్ద దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. తగువేమిటని ఆయన అడిగితే, తగువేం లేదు, బాతులకి శిక్ష వెయ్యమన్నారట. ఆ వారంలోనే నాట్లు పడ్డాయి. అమ్మ చెయ్యి అతుక్కున్నాక మలుగులకి గుడ్లు ఇచ్చి వచ్చింది, వెంట మెన్ కెర్తి కూడా వెళ్ళింది.

ఆ తరువాత ఇరవై రెండేళ్ళు, ఒక్క ఏడు కూడా మానకుండా, ఒక్క తోపాట్‌ని కుండలోంచి ముందుగా తీసేశాను. ఉడికీ ఉడకని దాన్ని యుద్ధం మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టేదాన్ని. ఆయన దాన్ని బండ మీద ఠకఠకా కొట్టి చూసి, "బాగుంది, రాయే," అని మెచ్చుకుని మొద్దు కింద పాతేవాడు. నా చేతి వంటని అంతగా మెచ్చుకున్న మనిషి మళ్ళీ పుట్టడు.

పోయిన ఏడు ఆయన పోయాడు. దహనం నాడు వాళ్ళ పూజారి చదివితే మొదటిసారి ఆయన సొంత పేరు విన్నాను, నెంగా మర్తా అని. పున్నమి వచ్చింది. అలవాటు కొద్దీ ఆ ఒక్క తోపాట్‌ని ముందే తీసేశాను. తీశాక, ఇది ఎవరికివ్వను అని దాన్ని పట్టుకుని పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మర్నాడు పొద్దున్న మా మడిలోనే ఎక్కడో పాతేద్దామని ఒళ్ళో కట్టుకుని వెళ్ళాను.

మొద్దు దగ్గర ఎవరో వంగి ఉన్నారు. కెర్తి. రెండు గాట్ల మధ్య అప్పటికే గుంట తీసి పెట్టాడు. నన్ను చూసి మట్టి చెయ్యి చాపాడు.

"ఏది చెల్లాయ్? ఉడకనివ్వలేదు కదా?"

"లేదన్నా."

"అయితే ఇలా ఇయ్యి."